ముప్పై అంతస్తులకు పది అరుగులు: ప్రవాసుల టవర్ మీద ఒక కేస్ స్టడీ

యజమాని సంస్థ ఆర్కిటెక్టులమైన మాకిచ్చిన బ్రీఫ్, అంటే వాళ్లకేం కావాలో చెప్పే పత్రం, నలభై పేజీలు. అందులో ‘కమ్యూనిటీ’ అన్న మాట పదకొండుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. ‘లిఫ్ట్ లాబీ’ ఒక్కసారే వచ్చింది, అదీ ఫ్లోరింగ్ పట్టికలో. మనుషులు రోజుకు నాలుగుసార్లు నిలబడే చోటు గురించి టైల్స్ రంగు తప్ప మరేమీ ఆలోచించలేదన్నమాట.

కట్టాల్సింది ముప్పై నివాస అంతస్తుల టవర్, అన్నీ అద్దె ఫ్లాట్లే. ఉండబోయేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగం మీద వేరే దేశాల నుంచి వచ్చి, రెండేళ్లో మూడేళ్లో ఉండి, మళ్లీ ఇంకో దేశానికి బదిలీ అయి వెళ్లేవాళ్లు. సంస్థ బాధ కూడా కల్పించుకున్నది కాదు. వాళ్ల పాత భవనంలో గడువు తీరకముందే ఖాళీ చేసేవాళ్లు చాలామంది. వెళ్లేటప్పుడు నింపే ఫారాల్లో ఫ్లాటు మీద పెద్దగా ఫిర్యాదులుండవు. ఇక్కడ మాకెవరూ తెలియదు అనే అర్థం వచ్చే వాక్యం మాత్రం ఏదో ఒక రూపంలో కనిపిస్తూనే ఉంటుంది. దీనికి వాళ్లు అనుకున్న మందు పై అంతస్తులో ఒక పెద్ద లౌంజ్, ఈతకొలను, జిమ్, సినిమా గది.

పాత భవనంలో పది రోజులు

పెన్సిల్ పట్టుకునే ముందు ఆ పాత భవనంలో పది రోజులు తిరిగాను. అక్కడా ఒక లౌంజ్ ఉంది. పది రోజుల్లో అందులో నాకు తరచుగా కనిపించిన మనిషి సోఫాలు దులిపే ఉద్యోగి. మంచి సోఫాలే. కాకపోతే అక్కడికి వెళ్లాలంటే ‘ఇప్పుడు నేను నలుగురిలోకి వెళ్తున్నాను’ అని మనిషి ముందే తీర్మానించుకోవాలి. ఊరు కొత్త, భాష కొత్త. అలాంటివాళ్లకు ఆ తీర్మానమే అన్నిటికంటే కష్టం.

భర్త ఉద్యోగం వెంట వచ్చిన ఒకామె ఉన్నారు. తన దేశంలో ఉపాధ్యాయిని, ఇక్కడ పనిచేసే అనుమతి లేదు. వచ్చిన నాలుగు నెలల్లో ఆ భవనంలో తను ముఖాముఖి మాట్లాడినవాళ్లు ఇద్దరేనని చెప్పారు: గేటు దగ్గర గార్డు, వాషింగ్ మెషిన్ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్. ఎదురింటివాళ్ల తలుపు రంగు తెలుసు, మనిషి తెలియదు. ఆరేళ్లుగా అక్కడే ఉంటున్న ఒకాయన కథ వేరు. “కొత్తవాళ్ల పేర్లు గుర్తుపెట్టుకోవడం మానేశానండీ, గుర్తుపెట్టుకున్నవాళ్లంతా వెళ్లిపోయారు” అన్నారు. ప్రవాసుల ఇళ్ల గురించి మాట్లాడేటప్పుడు అందరం మొదటి రకం ఒంటరితనాన్నే తలచుకుంటాం. రెండోది దానికంటే మొండిది. పాతవాళ్లు అలసిపోతే కొత్తవాళ్లను పలకరించేవాళ్లే మిగలరు.

ఆ పది రోజుల్లో నా పుస్తకంలో రాసుకున్న ముఖ్యమైన సంగతి ఒకటే. జనం మాట్లాడుకుంటున్నది ఆగక తప్పనిచోట్ల: లిఫ్ట్ ఆలస్యమైనప్పుడు, పార్సెల్ వెతుక్కుంటున్నప్పుడు, వాన తగ్గేదాకా పోర్టికోలో నిలబడినప్పుడు. కావాలని వెళ్లి కలుసుకునే చోట్లు ఖాళీగా ఉన్నాయి.

దూరం లెక్క

ఇది కొత్త విషయమేమీ కాదు. ఫెస్టింజర్, షాక్టర్, బ్యాక్ అనే ముగ్గురు సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలోని ఎం.ఐ.టి.లో పెళ్లయిన విద్యార్థుల కోసం కట్టిన వెస్ట్‌గేట్ ఇళ్లను పరిశీలించి 1950లో ఫలితాలు ప్రచురించారు. ఆ విద్యార్థులు ఒకరికొకరు కొత్తవాళ్లు, ఏ ఇల్లు ఖాళీ అయితే అందులోకి దిగినవాళ్లు. మన ప్రవాసుల పరిస్థితే. మీ స్నేహితులెవరని అడిగితే పక్కింటివాళ్ల పేరు చెప్పినవాళ్లు 41 శాతం. ఒక ఇల్లు దాటి అవతలి ఇంటివాళ్లయితే 22 శాతం. అదే అంతస్తులో ఆ చివర, ఈ చివర ఉన్నవాళ్ల మధ్య 10 శాతం. దూరమంటే కొన్ని అడుగులే. మెట్ల మొదట్లో, పోస్టు డబ్బాల పక్కన ఇల్లున్నవాళ్లకైతే పై అంతస్తులోనూ స్నేహితులు దొరికారు. వాళ్లు ప్రత్యేకంగా కలుపుగోలు మనుషులని కాదు, దారి వాళ్ల గుమ్మం ముందునుంచి పోతోంది, అంతే.

ఎత్తయిన భవనాల్లో ఈ దారిని పట్టించుకున్నవాళ్లు లేకపోలేదు. సింగపూర్‌లో వోహా సంస్థ రూపొందించిన స్కైవిల్ డాసన్ 2015లో పూర్తయింది. 960 ఇళ్లు. వాటిని ఎనభై ఇళ్ల చొప్పున పన్నెండు నిలువు ఊళ్లుగా విడదీసి ఒక్కో ఊరికి ఒక్కో ఉమ్మడి తోట ఇచ్చారు. నాకు చాలా ఇష్టమైన భవనం. అయినా ఆ ఎనభై అంకెను మా టవర్‌కు తీసుకోలేదు. ఎందుకంటే అక్కడివాళ్లు సొంత ఇళ్లవాళ్లు, ఏళ్ల తరబడి ఉంటారు. మావాళ్లు సగటున రెండేళ్లుంటారనుకుందాం. ఎనభై ఇళ్ల గుంపులో నెలకు మూడు నాలుగు ఇళ్లు చేతులు మారతాయి. అన్ని కొత్త ముఖాలను ఎవరూ గుర్తుపెట్టుకోలేరు. ఇరవై నాలుగు ఇళ్లయితే నెలకొకటి. నెలకొక కొత్త ఇంటిని మనిషి గమనించగలడు, పేరు అడగగలడు. గుంపు ఎంత పెద్దదిగా ఉండాలో ఇళ్ల సంఖ్య కాదు, మనుషులు మారే వేగం నిర్ణయిస్తుందని నాకు ఈ ప్రాజెక్టుతోనే అర్థమైంది.

అంతస్తుకు ఎనిమిది ఫ్లాట్లు. మూడేసి అంతస్తులు కలిపితే ఇరవై నాలుగు. ముప్పై అంతస్తులకు పది గుంపులు.

పది ఫ్లాట్ల బేరం

ప్రతి గుంపులోనూ నడిమి అంతస్తులో, లిఫ్ట్ లాబీ చివర, మూల ఫ్లాటును తీసేశాం. ఆ జాగా మొత్తం బయటి గాలికి తెరిచిన ఉమ్మడి స్థలం. డ్రాయింగ్‌లో దానికి ‘సోషల్ టెర్రస్’ అని పేరు పెట్టారు మా ఆఫీసు కుర్రాళ్లు. నేను అరుగు అన్నాను. ఇంటికీ వీధికీ మధ్య, ఎవరూ పిలవకపోయినా కూర్చోగలిగే చోటుకు మన భాషలో తయారుగా ఉన్న మాట అది. కాంట్రాక్టరు దాకా అందరూ ఆ మాటే వాడారు.

పై అంతస్తులోనూ కింది అంతస్తులోనూ అదే మూలనున్న ఫ్లాట్లకు ఒక్కో పడకగది తగ్గించి, అక్కడ బయటివైపు మెట్లు పెట్టాం. ఇది భవనం లోపల తెరిచిన మెట్లయితే మూడు అంతస్తులు నిప్పుకూ పొగకూ ఒకే గదిగా మారిపోతాయి. అగ్నిమాపక అధికారి ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. బయటికి తెరిచి ఉంటే పొగ నిలవదు. ఆ మెట్లను అత్యవసర మార్గాల లెక్కలో చేర్చలేదు, అవి వేరేగా ఉన్నాయి. లాబీలో మాత్రం ఒక్క కుర్చీ కూడా వేయనివ్వలేదు, అది తప్పించుకునే దారి. ఈ నిబంధన మీద మొదట చిరాకుపడ్డాను. తర్వాత చూస్తే అదే మేలయింది: కూర్చోవాలంటే అరుగు ఒక్కటే దిక్కు.

240 ఫ్లాట్లలో పది పోవడమంటే నూటికి నాలుగు పైచిలుకు అద్దె పోవడం. సంస్థ ఆర్థిక విభాగంతో మూడు సమావేశాలు జరిగాయి. సామాజిక శాస్త్రం చెబితే మర్యాదగా తలూపారు. గడువుకు ముందే ఖాళీ అయిన ఫ్లాటు మళ్లీ నిండేదాకా ఎన్ని వారాలు ఖాళీగా ఉంటోందో వాళ్ల లెక్కలే వాళ్ల ముందు పెడితే అప్పుడు విన్నారు. సినిమా గది తీసేయడానికి ఒప్పుకున్నారు. పై అంతస్తు లౌంజ్‌ను మాత్రం వదులుకోలేదు. బ్రోచర్ మీద వేయడానికి ఒక ఫొటో కావాలి కదా!

మా బృందంలోనే ఒకరు ఇంకో ఆలోచన చెప్పారు. లిఫ్ట్ నడిమి అంతస్తులోనే ఆగితే అందరూ తప్పనిసరిగా అరుగు మీదుగా వెళ్తారు కదా అని. కాగితం మీద చక్కగానే ఉంది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ప్రూయిట్-ఐగో అనే 33 భవనాల సముదాయంలో ఇలాగే లిఫ్టులు కొన్ని అంతస్తుల్లోనే ఆగేవి, ఆ అంతస్తుల్లో జనం కలుసుకోవాలని పొడవాటి గ్యాలరీలు పెట్టారు. ఆ గ్యాలరీలు చివరికి జనం భయపడే చోట్లయ్యాయి. 1972లో ఆ భవనాల కూల్చివేత మొదలైంది. నిర్వహణకు డబ్బు లేకపోవడం, పేదరికం, వివక్ష లాంటి పెద్ద కారణాలు అక్కడున్నాయి, తప్పంతా లిఫ్టుదే అనడం అన్యాయం. అయినా చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని, చంటిబిడ్డతో, రెండు పెట్టెలతో అర్ధరాత్రి విమానం దిగి వచ్చిన మనిషిని ఇరుగుపొరుగు పేరుతో మెట్లెక్కించడం నాకు సమ్మతం కాదు. బలవంతం వేరు, దారిలో పెట్టడం వేరు.

దారిలో ఏం పెట్టాలి? రెండు వస్తువులు పెట్టాం. ఒకటి, పార్సెళ్ల అర. కింది అంతస్తులో ఒకేచోట ఉండాల్సిన పార్సెల్ లాకర్లను విడగొట్టి పది అరుగుల మీదికి పంపాం. సిబ్బంది రోజుకొకసారి తెచ్చి పెడతారు. రెండు, బట్టలు ఆరబెట్టే యంత్రాలు. ఉతికే యంత్రం ప్రతి ఫ్లాటులోనూ ఉంది, ఆరబెట్టేది మాత్రం అరుగు మీద, గాజు తలుపు వెనక. యంత్రం నలభై నిమిషాలు తిరుగుతుంది. ఇంటికి వెళ్లి ఇంకో పనిలో పడటానికి తక్కువ, ఊరికే నిలబడటానికి ఎక్కువ. మనిషి కూర్చుంటాడు.

కూర్చునే బల్ల మీద నేను పెట్టిన శ్రద్ధ చూసి మావాళ్లు నవ్వారు. ఎత్తు 45 సెంటీమీటర్లు, లోతు 60. మామూలు బెంచీ కంటే లోతు ఎక్కువ, పక్కన బట్టల బుట్ట పెట్టుకోవడానికి. ఆకారం మూలమట్టంలా, రెండు చేతులుగా. ఎదురెదురుగా కూర్చుంటే మాట్లాడక తప్పదు, పక్కపక్కన వరసగా కూర్చుంటే మాట్లాడటం కష్టం. మూలకు అటూ ఇటూ కూర్చుంటే కళ్లు కలపవచ్చు, కలపకపోవచ్చు. కుర్చీల అమరికను బట్టి గదులు మనుషులను దగ్గర చేసేవీ దూరం చేసేవీ అవుతాయని మానసిక వైద్యుడు హంఫ్రీ ఆస్మండ్ 1950లలోనే గుర్తించాడు. ఆయన చూసింది ఆసుపత్రి వార్డులు. అపరిచితులతో నిండిన టవర్‌కూ అది అంతే వర్తిస్తుంది.

ఇంకొకటి కనబడకుండా పనిచేసింది. ఏ అంతస్తుకు వెళ్లాలో ఎక్కకముందే లాబీలో నొక్కించుకునే లిఫ్ట్ వ్యవస్థ పెట్టాం, వేగం కోసమే. అది ఒకే అంతస్తుకూ పక్క అంతస్తులకూ వెళ్లేవాళ్లను ఒకే లిఫ్టులోకి పంపుతుంది. అంటే కింద లాబీ నుంచే మీతో ఎక్కే మనిషి మీ అరుగువాడయ్యే అవకాశం ఎక్కువ. ఈ ఉపకారం నేను ప్లాన్ చేసింది కాదు, కంపెనీ ఇంజనీరు చెబితే తెలిసింది.

పద్దెనిమిది నెలల తర్వాత

జనం దిగిన పద్దెనిమిది నెలలకు మళ్లీ వెళ్లి మూడు వారాలున్నాను. పది అరుగుల్లో ఆరు నిండుగా ఉన్నాయి. రెండు ఫరవాలేదు. రెండు చచ్చిపోయాయి. వాటి గురించి చివర చెబుతాను.

మొదట తెలిసింది మా అంచనా పొరపాటు. సాయంత్రాలు రద్దీగా ఉంటుందనుకుని లైట్ల మీద బోలెడు ఖర్చు పెట్టించాను. అసలు రద్దీ పొద్దున పదీ పదకొండు మధ్య. పని అనుమతి లేక ఇంట్లో ఉండే భార్యలు, భర్తలు, చంటిపిల్లల తల్లులు. ఆ వేళకు ఎండ నేరుగా ఆ మూలే పడుతుంది. దాన్ని ఆపడానికి వాళ్లే దుప్పట్లు కట్టుకున్నారు. ఒక ఆర్కిటెక్టుకు అంతకంటే సూటి విమర్శ ఉండదు. తర్వాత వెదురు తెరలు వేయించాం.

పదకొండో అంతస్తు అరుగు మీద పార్సెళ్ల అరలో, అడుగున, ఒక రేకు డబ్బా కనిపించింది. మూత తీస్తే ప్లగ్ అడాప్టర్లు. రెండు బల్లపరుపు పిన్నులవి, మూడు గుండ్రటివి, ఏటవాలు పిన్నులవి, కొన్ని పసుపెక్కిపోయినవి, ఒకదానికి రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. ప్రతిదాని మీదా టేపు అంటించి ఫ్లాటు నంబరు రాశారు. ఎవరో దేశం వదిలి వెళ్తూ, వెళ్లే దేశంలో పనికిరాని అడాప్టరును అందులో పడేశారు. తర్వాత వచ్చినవాళ్లు తీసుకున్నారు, వెళ్తూ మరొకటి వేశారు. కొన్నిటి మీద రెండు మూడు టేపులున్నాయి, ఒకదాని మీద ఒకటి. దిగిన మొదటి రాత్రి ఫోను చార్జింగ్ పెట్టుకోలేక తలుపు తట్టడానికి మొహమాటపడే మనిషికి ఆ డబ్బా చేసిన మేలు మా లౌంజ్ చేయలేదు. ఆ డబ్బాను ఎవరూ డిజైన్ చేయలేదు. పార్సెళ్ల కంటే అర కొంచెం పొడవుగా ఉండటం వల్ల చోటు మిగిలింది, అంతే. అప్పటి నుంచి ఉమ్మడి చోట్లలో ఏ అరనూ సరిగ్గా కొలతకు గీయడం లేదు.

అసలు విజయం మాత్రం భవన నిర్వాహకురాలిది. కొత్తవాళ్లకు భవనం చూపించే పని మొదట సిబ్బంది చేసేవారు. ఆమె దాన్ని మార్చారు. ప్రతి గుంపులో కొత్తగా దిగినవాళ్లకు, వాళ్లకంటే సరిగ్గా ముందు దిగినవాళ్లు అరుగు, ఆరబెట్టే యంత్రం, చెత్త వేసే చోటు, అత్యవసర మెట్లు చూపించాలి. పది నిమిషాల పని. పాతవాళ్లను ఎందుకు అడగలేదంటే, వాళ్లు అలసిపోయి ఉంటారని ఆమె లెక్క. నెల కిందట దిగినవాళ్లకు ఇంకా తమ అయోమయం గుర్తుంటుంది, ఏది అర్థం కాదో వాళ్లకే బాగా తెలుసు. పైగా తామూ ఒకరికి పనికొచ్చామన్న సంతోషం. నెలకొక ఇల్లు మారే గుంపులో ఈ గొలుసు తెగకుండా సాగుతుంది. ఎనభై ఇళ్ల గుంపులో ఇది సాగదని నా అనుమానం. పాత భవనంలో ఆరేళ్లున్న ఆ పెద్దాయన ఇప్పుడు ఇక్కడే ఉన్నారు. ఆయనను ఎవరూ ఏమీ చేయమనలేదు, ఆయనకు అదే నచ్చింది. పొద్దున పేపరు మాత్రం అరుగు మీదే చదువుతున్నారు.

భవనం మొత్తానికి పెట్టిన ఫోను గ్రూపు నెలలోపే ఫిర్యాదుల పెట్టె అయింది. అరుగుకొక గ్రూపు పెడితే నిచ్చెన ఎవరి దగ్గరుంది, పిల్లవాడి బూటు దొరికిందా లాంటి మాటలు మొదలయ్యాయి. తెలిసిన ముఖం మీద ఎవరూ అంత తేలిగ్గా విరుచుకుపడరు.

మరొక పొరపాటు నాది. పద్నాలుగో అంతస్తులో అరుగు గోడకు అవతల పక్క ఫ్లాటు పడకగది ఉంది. పది డ్రాయింగుల్లోనూ అలాగే ఉంది, ఎవరికీ తట్టలేదు. రాత్రుళ్లు మాటలు వినబడుతున్నాయని అక్కడివాళ్లు ఫిర్యాదు చేస్తే, యాజమాన్యం పధ్నాలుగు నిషేధాల పట్టిక ఒకటి లామినేట్ చేసి అన్ని అరుగుల మీదా వేలాడదీసింది. వారం రోజులు ఎవరూ కూర్చోలేదు. ఆ పడకగదుల్లో గోడ వెంబడి నిలువెత్తు అల్మారాలు కట్టించి, రాత్రి పదికి అరుగు లైట్లు సగానికి తగ్గేలా చేశాక పట్టికలు తీయించాం. లైటు తగ్గితే గొంతు తగ్గుతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

పై అంతస్తు లౌంజ్ అందంగా ఉంది. పుట్టినరోజులకు అద్దెకిస్తున్నారు.

చచ్చిపోయిన రెండు

ఒకటి అన్నిటికంటే పైనున్నది, 28 నుంచి 30వ అంతస్తులది. గాలి. అరుగులన్నీ ఒకే మూలన ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పెట్టాం, నిర్మాణానికి సులువని. టవర్ మూలల్లో గాలి వేగం పుంజుకుంటుంది, ఎత్తు పెరిగేకొద్దీ మరీను. విండ్ టనెల్ పరీక్ష (భవనం నమూనా మీదికి గాలి వదిలి చూసేది) చేయించాం, కానీ భవనం ఊగడానికీ గాజు పలకల బలానికీ మాత్రమే. మనిషి కూర్చోగలడా అని పరీక్షించలేదు. సెకనుకు నాలుగు మీటర్ల గాలి దాటితే కూర్చోవడానికి ఇబ్బంది అని మేం వాడే ప్రమాణాలే చెబుతాయి. తెలిసీ లెక్కలోకి తీసుకోలేదు. అక్కడ తలుపు ఎవరి చేతిలోంచో లాక్కున్నట్టు కొట్టుకుంటుంది. చిల్లులున్న లోహపు తెరలు వచ్చే నెల బిగిస్తున్నారు. పూర్తిగా మూస్తే పొగ విషయంలో మళ్లీ మొదటికొస్తాం కాబట్టి సగం దాకానే.

రెండోది 16 నుంచి 18వ అంతస్తులది. గాలి బాధ లేదు, చక్కటి చోటు. ఆ మూడంతస్తులనూ ఒకే కంపెనీ తన ఉద్యోగుల కోసం గుత్తగా అద్దెకు తీసుకుంది. యజమాని సంస్థకు పండగే, ఒకే సంతకంతో ఇరవై మూడు ఫ్లాట్లు. ఒకే కంపెనీవాళ్లు కాబట్టి త్వరగా కలిసిపోతారనుకున్నాం. వాళ్ల విభాగాధిపతి ఇల్లు సరిగ్గా అరుగు పక్కనే వచ్చింది. అరుగు మీద కూర్చుంటే ఆఫీసులో కూర్చున్నట్టే. సెలవు పెట్టిన రోజున బట్టలు ఆరబెట్టుకోవడానికి ఎవరు ధైర్యం చేస్తారు? పార్సెళ్లు పిల్లలను పంపి తెప్పించుకుంటున్నారు, లేదా రాత్రి పదకొండు దాటాక వచ్చి పట్టుకెళ్తున్నారు. ఒక కంపెనీకి ఒక గుంపులో నాలుగు ఫ్లాట్లకు మించి ఇవ్వవద్దని నివేదికలో రాశాను. ఆ ఒప్పందానికి మాత్రం ఇంకా మూడేళ్ల గడువుంది.

ఈమధ్య ఆ కంపెనీ, వాడుకలో లేదు కాబట్టి ఆ అరుగును తమ ఉద్యోగుల సమావేశ గదిగా మార్చమని అడిగిందట. ప్రొజెక్టరు ఎక్కడ బిగించాలో చెప్పమని యజమాని సంస్థ నుంచి నాకు ఉత్తరం వచ్చింది.